పట్టణమున హలాలు భోజనము



జనగామనుండిగాని, మానుకోటనుండిగాని, భూపాలపల్లినుండిగాని హైదరాబాదునకు బోవువారిలో వేడుకకై బోవువారు కొందఱే. పెక్కుమంది రోగిని వెంటబెట్టుకొని పోవుదురు. రోగికి ఆసుపత్రివారు పథ్యము పెట్టుదురు. వెంటవచ్చినవానికి బెట్టువారు చాలచోట్ల లేరు. అతడు ముస్లిమైనచో ఆకలితోపాటు మఱియొక విచారము గలదు: ఈ మాంసము హలాలైనదా, కాదా యని. ఆ సంశయము తీరక అరటిపండ్లతోను బ్రెడ్డుముక్కలతోను మూడేసి దినములు గడపినవారిని నేనెఱుగుదును. దానిని దీర్చుకొను మార్గమే నేటి ప్రసంగవిషయము.

నేను మాంసము ముట్టనివాడను. ఇట్టివాడు హలాలునుగూర్చి చెప్పుటేమి యని మీకు నవ్వు రావచ్చును. మా పాఠశాలలో నాతోపాటు పెక్కేండ్లు పనిచేసిన ఉర్దూ మాస్టరుగారి భార్యకు చికిత్స జరిగినప్పుడు, ఆయనకు తోడుగా పదునొకండు దినములు నగరమున నుంటిని. ఆయన యెట్లు విచారించి తినెనో కన్నులార జూచితిని. ఇక్కడ జెప్పునది చాలవఱకు ఆయన విద్యయే.

హలాలనునది అరబ్బీ శబ్దము, ధర్మసమ్మతమని యర్థము. దీనికి ప్రతికూలము హరాము. పందిమాంసము, రక్తము, తనంతట చచ్చిన జంతువు, మద్యము వారికి నిషిద్ధములు. మేకనుగాని కోడినిగాని దేవుని పేరు చెప్పి వాడికత్తితో కంఠముగోసి నెత్తురు పోనిచ్చినగాని యది తినదగినది కాదు. చేపకు ఈ విధి లేదు. పప్పు, కూరలు, పాలు మొదలగువానికి శంకయే లేదు. కావున తెలియనిచోట ఇడ్లీలు, దోసెలు అమ్ము శాకాహారశాల ముస్లిములకు గూడ నిశ్చింతస్థానమే. ఈ చిన్నముక్క తోచక పస్తున్నవారు కలరు.

ఇది మనకు క్రొత్తసంగతి కాదు. అన్నారము షరీఫున యాకూబ్ షావలీ దర్గాకడ కందూరు చేయువారిలో హిందువులెందఱో గలరు. అక్కడ మేకను ముల్లా కోయును, పంక్తి యందఱిది. మన పల్లెలలో పెండ్లికి మేకను గోయించునప్పుడు ముల్లాసాబును బిలుచుట అనేక గ్రామముల వాడుక. అట్టి యింట ముస్లిము మిత్రులు శంకలేక విస్తరిముందు గూర్చుందురు. ఊరిలో ముల్లా యెవరో మన మెఱుగుదుము. నగరమున గోసినవాడెవడో, అమ్మినవాడెవడో తెలియదు. చిక్కంతయు నక్కడనే యున్నది.

చార్మినారు, పత్తర్గట్టి, నాంపల్లి ప్రాంతముల హోటళ్లలో చాలవఱకు హలాలు మాంసమే వండుదురు. అందఱు నెఱిగినదే గదా యని పెక్కుచోట్ల బోర్డు కట్టరు. బోర్డు లేదని వెనుదిరుగ బనిలేదు. బోర్డున్నదని విచారింపక కూర్చుండుటయు దగదు. మా మాస్టరుగారు గల్లాకడ నిలిచి రెండే ప్రశ్నలడుగువారు: మాంస మెక్కడనుండి తెత్తురు? కోయువారెవరు? సరియైనవాడు దుకాణముపేరుతో సహా వెంటనే చెప్పును. నీళ్లు నమలినవానికడ ఆయన తినలేదు. మద్యము గూడ నమ్ము భోజనశాలలో ఆయన యడుగే పెట్టలేదు. గోడమీద 14 అంకెల లైసెన్సు సంఖ్య వ్రేలాడుచుండును. అది 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి యిచ్చునది. హలాలును గుఱించి యది యేమియు జెప్పదు.

అయితే హలాలైనదంతయు మంచి తిండి యగునా? కాదు. ఇక్కడనే మనవారు మోసపోవుచున్నారు. ప్రతి వంటకమునకు నొక వేళ గలదు. నహార్ అనగా అరబ్బీలో పగలు; నహారీ యను పేరు దానినుండి వచ్చినది. రాత్రియంతయు సన్ననిమంటపై నుడికిన నహారీని, పాయాను తెల్లవాఱగనే తినవలెను. పది గంటలకు మిగులునది అడుగు మడ్డియే. బిర్యానీని మధ్యాహ్నము డేగిసా మూత దీసిన సమయమున దినవలెను. నడిరాత్రి మిగిలినదానిని చౌకయని కొన్నచో మందులవాడు లాభపడును. హలీము రంజాను సాయంకాలముల వంటకము. గోధుమలను మాంసమును గంటలకొలది యుడికించి కొయ్యతో మెదిపి చేయుదురు. హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. మా యీడువారు ఒక గిన్నెను ఇద్దఱు పంచుకొనుట మేలు. అది బరువైన పదార్థము. వరంగల్లు మండీబజారున గూడ రంజాను నాళ్లలో నది దొరకును.

ఇరానీ చాయలో డికాషను వేఱుగను, పాలు వేఱుగను కాచి గిన్నెలో గలుపుదురు. దానితో దిను ఉస్మానియా బిస్కత్తునకు ఏడవ నిజాము పేరు వచ్చినది. ఆ బల్లమీదనే నలుచదరపు లుఖ్మీలుండును. వానిలో కీమా యుండును. నావంటివారు సమోసా యనుకొని కొఱికెదరు సుమా!

తోపుడుబండి కడ మా మాస్టరుగారు ముందుకంటె వెనుక జూచువారు. పళ్లెములు గడుగు బకెట్టులోని నీరు ఏ రంగున నున్నది? బండివెనుక గుంత యున్నదా? పిదప తినువారిని జూచువారు. హమాలీలు, ఆటోవారు నిత్యము దినుచోట భయము తక్కువ. వారు మఱునాడును బరువు మోయవలెను గదా. కడుపు చెఱచిన బండికి రెండవమాఱు పోరు.

రోగిని జేర్చిన మొదటినాడే, దగ్గఱి మసీదుకడ నమాజు ముగించి జనులు వెలికి వచ్చువేళ నిలిచి అడుగుడు. హిందువైనను అడుగవచ్చును, తెలుగైనను చాలును. మా గ్రంథాలయమున నేనొక చీటి యుంచితిని. అందు ఏ యాసుపత్రికి దగ్గఱ ఏ హోటలు, ఏ వేళకు బోవలెనో వ్రాసియుంచితిని. పోయివచ్చినవారు దిద్దుచుందురు. చేతులు మారినదని తెలిసి మొన్ననే యొక పేరు కొట్టివేసితిమి. దాని స్థానమున మానుకోట యాతడొకడు క్రొత్తపేరు వ్రాసినాడు.