ఉపవాసమా, ఫలహారమా?



నిన్నటి సాయంకాలము ప్రసంగము ముగిసిన పిదప ఒక పెద్దమనిషి నా వద్దకు వచ్చి, "స్వామీ! ముప్పది సంవత్సరములుగా శనివారము ఒంటిపూట భోజనము చేయుచున్నాను. అయినను బరువు తగ్గవలెనని డాక్టరుగారు కోప్పడుచున్నారు. ఇదేమి న్యాయమండీ?" అని అడిగినారు. రాత్రివేళ ఏమి తీసుకొందురని అడిగినాను. "అబ్బే, అన్నము ముట్టను. ఫలహారము మాత్రమే" అన్నారు. ఆ ఫలహారము రెండు పెసరట్లు, జీడిపప్పు వేసిన ఉప్మా, పంచదార కలిపిన గ్లాసెడు పాలు. నేను నవ్వలేదు. ఇరువది ఏండ్లు నేను చేసినదియు అదే.

ఫలహారమనగా పండ్లు ఆహారముగా గ్రహించుట. మన ఇండ్లలో ఆ మాటకు టిఫిన్ అను అర్థము స్థిరపడినది. అన్నము మానినచో వ్రతము నిలిచినట్లే భావించుచున్నాము. కాని జఠరాగ్నికి శనివారమని తెలియదు. బియ్యమైనను, గోధుమరవ్వయైనను, అటుకులైనను పిండిపదార్థము పిండిపదార్థమే. గ్రామునకు 4 కేలరీలు. నెయ్యి, నూనెలకు గ్రామునకు 9. ఉపవాసమను పదమునకు భగవంతునికి సమీపమున వసించుట అని పెద్దలు అర్థము చెప్పుదురు. పెసరట్టు ఎప్పుడు వచ్చునా అని వంటింటి వైపు చూచుచు కూర్చున్నవాడు ఎవరి సమీపమున వసించుచున్నట్లు?

నా సంగతి చెప్పెదను. ఉపన్యాసకుడు ఊరూరా తిరుగును. గృహస్థులు ప్రేమతో వడ్డింతురు. ముద్దపప్పు, ఆవకాయ, పైన గరిటెడు నెయ్యి. "మరికాస్త, స్వామీ" అన్నప్పుడు కాదనుట అపచారమని నాకు నేనే సమాధానము చెప్పుకొనెడివాడను. అటుపిమ్మట రెండు గంటలు నిద్ర. సాయంకాలము కారులో దేవాలయమునకు. అట్లు 96 కిలోలైనాను. ఒకనాటి ఉదయము స్వామి సన్నిధిలో సాష్టాంగము చేసి లేవలేకపోయినాను. అర్చకస్వామి కుమారుడు, పదేండ్ల బాలుడు, చేయి అందించి లేపినాడు. ముందటి రాత్రియే ఇంద్రియ నిగ్రహమును గూర్చి రెండు గంటలు చెప్పియుంటిని! ఆ వారములోనే రక్తపరీక్షలో మధుమేహము బయటపడినది.

అప్పుడు గ్రంథములను మరల తెరచినాను. చరకాచార్యులు సూత్రస్థానములో నిందితములైన ఎనిమిది దేహములను చెప్పుచు అతిస్థూలమును అందులో చేర్చినారు. దానికి కారణములుగా అతిభోజనము, తీపి, జిడ్డు పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర చెప్పినారు. నా దినచర్యను ఎవరో ఆయనకు చేరవేసినట్లున్నది. గీత ఆరవ అధ్యాయములో భగవానుడు అతిగా తినువానికే గాక, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని సెలవిచ్చినాడు. ఈ రెండవ మాటను మనము మరచెదము. వారమంతయు తిని ఒకనాడు కడుపు మాడ్చుకొనిన ప్రయోజనము లేదు. మధుమేహమునకు మాత్రలు, ఇన్సులిన్ వాడువారు డాక్టరును అడుగక ఉపవసింపరాదు. రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

వాగ్భటుడు ఉదరమును నాలుగు భాగములు చేసి, రెండు ఆహారమునకు, ఒకటి నీటికి విడిచి, నాలుగవది ఖాళీగా ఉంచుమన్నాడు. విస్తరిలో దీనిని ఎట్లు పాటింపవలెను? నేను చేసినది చెప్పెదను. అన్నము ఒకేసారి వడ్డించుకొని, రెండవమారు అడుగుట మానినాను. ముందు కూర, పప్పు, తరువాతనే అన్నము. నెయ్యి గరిటెతో గాక చెంచాతో. ప్రసాదము కన్నులకద్దుకొని అరచేతిలో పట్టినంత. దొన్నెల లెక్క లేదు. ఇంటి ఇల్లాండ్రకు ఒక మనవి. అందరును తినిన పిదప, మిగిలినది పారవేయరాదని మీరు తినుచుందురు. అన్నము పరబ్రహ్మ స్వరూపమే, కాదనను. అయితే రేపు ఒక గిద్ద తక్కువ వండండి, తల్లీ.

విఘ్నేశ్వరునికి బొజ్జ లేదా అని కుర్రవారు అడుగుదురు. ఆ స్వామి బొజ్జలో లోకములున్నవి, మన బొజ్జలో మైసూరుపాకున్నది. పైగా ఆయనకు మనము నివేదించు కుడుములు, ఉండ్రాళ్ళు ఆవిరిపై ఉడికినవి. చుక్క నూనె లేదు!

ఇక వ్యాయామము. మన బలములో సగము మేరకే చేయవలెనని ఆయుర్వేదము విధించినది. నడచునప్పుడు మాటలాడగలిగి, పాట పాడలేకపోవుట సరియైన వేగమని నేటి వైద్యులు చెప్పుదురు. ప్రదక్షిణములో నామము చెప్పుకొనగలుగుచు, కీర్తన ఎత్తుకొనలేని వేగము అన్నమాట. 2002లో అమెరికాలో ఒక గొప్ప పరిశోధన వెలువడినది. మధుమేహపు అంచున ఉన్నవారిలో కొందరు 7 శాతము బరువు తగ్గుటకు, వారమునకు 150 నిమిషములు నడచుటకు పూనుకొన్నారు. అట్టి పూనిక లేనివారితో పోల్చినచో వీరిలో వ్యాధి వచ్చుట 58 శాతము తగ్గినది. ఏడు శాతమనగా 80 కిలోల మనిషికి ఐదున్నర కిలోలు. అది అసాధ్యమా?

నాకు 83 కిలోలకు వచ్చుటకు పదునెనిమిది మాసములు పట్టినది. నడుమ రెండు పెండ్లిండ్ల కాలములో నాలుగు కిలోలు తిరిగి వచ్చినవి కూడా. తరువాత అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కినాను. గాలిగోపురము వద్ద చాలాసేపు కూర్చున్నాను. నా కంటె పెద్దవారు దాటిపోవుచుండిరి. మోకాళ్ళ పర్వతము చేరుసరికి కాళ్ళు వణకినవి గాని ఆయాసము రాలేదు.

నిన్న ప్రశ్నించిన పెద్దలు ఇచ్చటనే కూర్చున్నారు. అయ్యా, రేపు ఉదయము ఐదున్నరకు ధ్వజస్తంభము వద్దకు రండి, కలసి అరగంట ప్రదక్షిణము చేయుదము. అటుపిమ్మట గ్లాసెడు పలుచని మజ్జిగ దొరకును. పెసరట్టు మాత్రము లేదు.