కుట్రదారుల సీజరు

ఈ ఉపన్యాసం ఒక అధ్యాపకుడి పేరు మీద ఏర్పాటైంది. నాటకం పాఠం చెప్పేటప్పుడు ఆయన పాత్రల గుణగణాల పట్టిక రాయించేవారు కాదట. ఎవరు ఎవరి మాట కాదన్నారో, ఎవరు సర్దుకుపోయారో చూడమనేవారట. ఇవాళ ‘జూలియస్ సీజర్’ని ఆ పద్ధతిలోనే చదువుదాం.

మనకు ఈ నాటకం కొత్త కాదు. వావిలాల వాసుదేవశాస్త్రి గారు 19వ శతాబ్దంలోనే దీన్ని ‘సీజరు చరిత్రము’గా తెలుగులోకి తెచ్చారు. లండన్‌లో ఇది ఆడింది 1599లో. ఆ ఏడు సెప్టెంబర్ 21న థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు థేమ్స్ నది దాటి వెళ్లి, గడ్డి కప్పిన నాటకశాలలో సీజరు కథ చూశానని రాసుకున్నాడు. ఆట ముగిశాక నటులు చక్కగా నాట్యం కూడా చేశారట. అప్పటికి ఎలిజబెత్ రాణికి 66 ఏళ్లు, పిల్లలు లేరు, ఆమె తర్వాత ఎవరన్నది బహిరంగంగా మాట్లాడితే నేరం. ఆ జూన్‌లోనే, ఇంగ్లండ్ చరిత్రల్ని ప్రివీ కౌన్సిల్ అనుమతి లేకుండా అచ్చువేయకూడదని ఉత్తర్వు వచ్చింది. రోము కథకు ఆ పేచీ లేదు.

సీజరు ప్రాణాలతో వేదిక మీద కనిపించేది మూడు రంగాల్లోనే. అతని లోపాలు బయటపడడానికి ఆ కాస్త చాలు. కుట్ర మొదలుపెట్టే కాసియస్ ప్రమాదకరమైన మనిషని తన ఆప్తుడు ఆంటోనీకి ఎంతో నిశితంగా వివరిస్తాడు. వెంటనే, నేను భయపడుతున్నానని కాదు సుమా, నేను సీజర్ని కదా అంటాడు. ఆ వెంటనే, ఈ చెవి వినపడదు, కుడివైపుకు వచ్చి చెప్పమంటాడు. ఈ చెవుడు ప్లూటార్క్ రాసిన జీవిత చరిత్రలో లేదు. థామస్ నార్త్ 1579లో చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని దగ్గర పెట్టుకుని ఈ నాటకం రాసిన షేక్స్‌పియర్, దీన్ని మాత్రం సొంతంగా చేర్చాడు. మనుషుల్ని పసిగట్టే తెలివి సీజరుకు ఉంది, భయం వేసిందని ఒప్పుకునే ధైర్యమే లేదు. మార్చి 15 పొద్దున భార్య కాల్పూర్నియా పీడకల సంగతి విని, సభకు రానంటాడు. కుట్రదారుల్లో ఒకడైన డెసియస్ వచ్చి ఆ కలకే శుభఫలం చెబుతాడు. సెనేట్ ఇవాళ కిరీటం ఇవ్వబోతోందంటాడు. మీ ఆవిడకు మంచి కలలు వచ్చేదాకా సభ వాయిదా వేద్దామా అని ఎవరైనా వేళాకోళం చేస్తారేమో అని కూడా ఒక మాట విసురుతాడు. సీజరు అంగీ తెమ్మంటాడు. ఇలా ఊగిసలాడినవాడే కాసేపటికి సెనేట్‌లో, ధ్రువ నక్షత్రంలా తాను కదలనివాణ్ణని చెప్పుకుంటాడు. కత్తి దిగేది ఆ డాంబికం మీదే.

అంతమాత్రానికి చంపాలా? ఈ ప్రశ్న అందరికంటే ముందు వేసుకున్నవాడు బ్రూటస్. వేసుకున్నాడనడం కూడా సరికాదేమో. అర్ధరాత్రి తోటలో అతను మాట్లాడుకునే మాటల్లో మొదట వచ్చేది తీర్పు, విచారణ ఆ తర్వాత. సీజరు చావాల్సిందే అని మొదలుపెట్టి, నాకు సొంత పగ లేదు, ఇతను ఉద్రేకానికి లొంగి వివేకం తప్పడం నేనెప్పుడూ చూడలేదు అని తానే ఒప్పుకుంటాడు. కిరీటం వస్తే మారవచ్చు. ఇప్పటి మనిషిలో తప్పు దొరకడం లేదు కాబట్టి, రేపటి మనిషిని ఊహించి వాదన అల్లుకోవాలి. పాము గుడ్డులోనే ఉండగా చిదిమేయాలి. నా దృష్టిలో ద్రోహం జరిగింది సెనేట్‌లో కాదు, ఈ తోటలో. సాక్ష్యం లేదని తెలిసినవాడు అభియోగం రాయడం అక్కడ చూస్తాం. కిటికీలోంచి వచ్చి పడిన ఉత్తరాలు అతనికి రోము గొంతులా వినిపిస్తాయి. వాటిని రకరకాల చేతిరాతల్లో సిద్ధం చేయించినవాడు కాసియస్. ముఖస్తుతి అంటే తనకు గిట్టదని ఎవరైనా అంటే సీజరు పొంగిపోతాడని డెసియస్ నవ్వుతాడు కదా, బ్రూటస్‌నూ పొగడ్తే పడగొట్టింది. కాకపోతే అతని పొగడ్తకు దేశసేవ అని పేరు.

ఇక కుట్రదారుల సమావేశంలోకి వెళ్దాం. అందరం ప్రమాణం చేద్దామంటాడు కాసియస్. వద్దంటాడు బ్రూటస్. సిసిరోను కలుపుకుందామా అంటాడు కాసియస్, మిగతావాళ్లు కావాలనే అంటారు. బ్రూటస్ కాదంటాడు. ఇతరులు మొదలుపెట్టిన పనిలో సిసిరో చేరడట, అదీ కారణం! ఆ మాట అన్నవాడు చేస్తున్నదేమిటి? కాసియస్ మొదలుపెట్టిన పనిని లాక్కుని తనదిగా చేసుకుంటున్నాడు. ఆంటోనీనీ చంపాలంటాడు కాసియస్. తల తెగాక చెయ్యి ఏం చేస్తుందంటాడు బ్రూటస్. హత్య తర్వాత ఆంటోనీని శవం దగ్గర మాట్లాడనివ్వద్దని కాసియస్ పక్కకు పిలిచి హెచ్చరిస్తాడు. ముందు నేను మాట్లాడతాను కదా, పరవాలేదంటాడు బ్రూటస్. ఈ చివరి రెండూ తప్పులేనని ప్లూటార్క్ కూడా లెక్కకట్టాడు. నాకు తప్పుల కంటే ఆ పద్ధతి వింతగా తోస్తుంది. ఈ నాలుగు సందర్భాల్లో ఒక్కసారైనా ఎవరి అభిప్రాయం ఏమిటని బ్రూటస్ అడగడు. కాసియస్ ప్రతిసారీ సరిగ్గా చెబుతాడు, ప్రతిసారీ తగ్గుతాడు. ఎదురులేని మనిషి రోముకు ముప్పని బయల్దేరినవాళ్లు, ఆ చిన్న గుంపులోనే ఎదురులేని మనిషిని ఒకణ్ణి తయారుచేసుకున్నారు.

ఇది నేను లాగి చెబుతున్న అర్థం కాదు. ఫోరంలో బ్రూటస్ వచనంలో, తూకం వేసినట్టున్న వాక్యాలతో ప్రసంగించి దిగుతాడు. సీజరు రాజ్యకాంక్ష గలవాడంటాడు, ఒక్క ఉదాహరణా చెప్పడు. జనం చప్పట్లు కొడతారు. అందులో ఒకడు, ఇతన్నే సీజర్ని చేయండని కేకవేస్తాడు. రాజరికం వద్దని చేసిన హత్యకు దక్కిన మొదటి బహుమానం కిరీటం! బ్రూటస్ ఆ కేకకు జవాబు చెప్పడు. తర్వాత ఆంటోనీ పద్యంలో మాట్లాడతాడు, రక్తం అంటిన అంగీ చూపిస్తాడు, మనిషికి 75 ద్రాక్మాలిచ్చే వీలునామా చదువుతాడు. ఆ ప్రసంగం కంఠతా పట్టి కాలేజీ పోటీల్లో కప్పులు గెలిచినవాళ్లు ఈ సభలోనూ ఉండొచ్చు. బ్రూటస్ ప్రసంగం కంఠతా పట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

రంగస్థలం వదిలి ఒక్క నిమిషం న్యూయార్క్ వెళ్లాలి. 1864 నవంబర్ 25న అక్కడి వింటర్ గార్డెన్ థియేటర్లో బూత్ సోదరులు ముగ్గురూ కలిసి ఈ నాటకం ఆడారు. ఎడ్విన్ బ్రూటస్, జూనియస్ కాసియస్, జాన్ విల్క్స్ ఆంటోనీ. వాళ్ల తండ్రి పేరే జూనియస్ బ్రూటస్ బూత్. ఐదు నెలలు తిరగకుండా, 1865 ఏప్రిల్ 14న, జాన్ విల్క్స్ అబ్రహాం లింకన్‌ను కాల్చాడు. పారిపోతూ రాసుకున్న డైరీలో, బ్రూటస్‌ను ఏ పనికి గౌరవించారో ఆ పనికే నన్ను వేటాడుతున్నారని వాపోయాడు. ఆంటోనీ వేషం కట్టి, ఆ హంతకుల్ని జనం ముందు తానే ఎండగట్టినవాడు ఆ నాటకాన్ని ఎలా విన్నట్టు?

నాలుగో అంకంలో బ్రూటస్, కాసియస్ గుడారంలో పోట్లాడుకుంటారు. లంచాలు తిన్న లూసియస్ పెల్లాను బ్రూటస్ శిక్షించాడు. కాసియస్ మీదా అదే నింద వేస్తాడు. రైతుల చేతుల్లోంచి అడ్డదారిన డబ్బు పిండలేనంటాడు. ఆ నోటితోనే, నా సైన్యానికి జీతాలకు బంగారం అడిగితే నువ్వు పంపలేదేమంటాడు. కాసియస్ బంగారం ఎక్కడిదో అతనికి తెలియదా? ప్లూటార్క్‌లో కాసియస్ తన దగ్గరున్న దాంట్లో మూడో వంతు ఇస్తాడు. నాటకంలో ఇవ్వలేదన్న ఆరోపణ మిగులుతుంది. చేతులు కడుక్కుని ఇంకొకరి మురికితో పని జరుపుకోవాలనుకునే నీతిమంతుణ్ణి ఇంత సూటిగా చూపిన రంగం నాకు వేరే గుర్తురావడం లేదు. ఈ తగవు సర్దుకున్నాక ఫిలిప్పైకి కదలాలా వద్దా అన్న చర్చ వస్తుంది. శత్రువునే రానిద్దాం, వాళ్లే అలసిపోతారంటాడు కాసియస్. బ్రూటస్ కదలాలంటాడు. కదులుతారు. యుద్ధం రోజు, అది తన పుట్టినరోజు కూడా, కాసియస్ తమ సైన్యంలోని మెస్సాలాను పిలిచి, నా ఇష్టానికి విరుద్ధంగానే సర్వస్వం ఒక్క పోరులో ఒడ్డుతున్నాను, నువ్వే సాక్షివి అంటాడు. అన్నది మెస్సాలాతో, బ్రూటస్‌తో కాదు.

అవతలి శిబిరం మంచిదని కాదు. ఆంటోనీ, ఆక్టేవియస్, లెపిడస్ బల్ల ముందు కూర్చుని చావాల్సినవారి పేర్లకు గుర్తులు పెడతారు. లెపిడస్ తమ్ముణ్ణి ఇస్తాడు, ఆంటోనీ మేనల్లుణ్ణి ఇస్తాడు. జనాన్ని ఏడిపించిన వీలునామాలోనే ఎంత కోత పెట్టవచ్చో చూద్దామంటాడు ఆంటోనీ. ఇక యుద్ధానికి ముందు చిన్న సంఘటన. ఎడమవైపు నడిపించమని ఆంటోనీ ఆక్టేవియస్‌కు చెబుతాడు. ఆ కుర్రవాడు, కుడివైపు నాది, ఎడమవైపు నువ్వే ఉండు అంటాడు. ఇలాంటప్పుడు నాకెందుకు అడ్డు తగులుతావని పెద్దవాడు విసుక్కుంటాడు. అడ్డు కాదు, కానీ నేనన్నట్టే చేస్తాను అంటాడు చిన్నవాడు. ప్లూటార్క్‌లో కుడివైపు కోసం అడిగింది బ్రూటస్, అనుభవశాలి అయినా ఇచ్చేసింది కాసియస్. షేక్స్‌పియర్ ఆ పేచీని ఇవతలి నుంచి తీసి గెలిచే పక్షానికి మార్చాడు. ఫిలిప్పై యుద్ధం క్రీ.పూ. 42లో. పదకొండేళ్లకు ఆక్టియం దగ్గర అదే ఆక్టేవియస్ ఆంటోనీని ఓడించాడు. రోముకు మొదటి చక్రవర్తి అయినవాడు అతనే.