నీళ్ల లెక్క

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మార్కుల గురించి, ఫీజుల గురించి మీరు ఏటా వింటూనే ఉన్నారు. ఈసారి ఒక కొండ గురించి చెబుతాం. మేము ఎక్కలేక వెనక్కి తిరిగి వచ్చిన కొండ అది.

యాగంటి మనందరికీ తెలిసిన చోటే. బనగానపల్లె నుంచి బస్సెక్కితే అరగంట. 1948 దాకా నవాబుల ఏలుబడిలో ఉన్న సీమ ఇది. వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని చెప్పే రవ్వలకొండ ఇక్కడే ఉంది. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య మన దూదేకుల బిడ్డ. యాగంటికి వెళ్లినవాళ్లు గుడి చూస్తారు, గుహలు చూస్తారు, కోనేరు చూస్తారు. వెనకనున్న ఎర్రమల కొండల మీదికి పోయేవాళ్లు మాత్రం గొర్రెల కాపరులే. మేము ఎక్కాలనుకున్న శిఖరానికి మాకు దొరికిన మ్యాపులో పేరు లేదు. కాపరులు ఉట్టిగా 'పైగట్టు' అంటారు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం, తొమ్మిదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది, టీచర్లం నలుగురం బయలుదేరాం. తల్లిదండ్రుల చేత సంతకాలు తీసుకున్నాం. అడగవలసిన చోట అనుమతీ అడిగాం. దారి చూపడానికి ఒక పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్లుగా ఆ కొండల్లో గొర్రెలు మేపుతున్న మనిషి. కొండ కింద నిలబడి పిల్లల్ని అడిగాం: "అందరూ నీళ్లు తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాం సార్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

మేము ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాం. 'అర్థమైందా?' అని అడిగితే 'అర్థమైంది సార్' అని తరగతి అంతా అరిచే అరుపుకు విలువ ఎంతో మాకు తెలుసు. ఆ అరుపులో కలవని గొంతు వెనక బెంచీలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అయినా ఆరోజు ఆ మాటనే నమ్మి నడక మొదలుపెట్టాం. వ్యాను ఆలస్యంగా రావడంతో అప్పటికే ఎనిమిదిన్నర దాటింది.

మొదటి గంట గొర్రెల బాట ఉంది. తర్వాత అదీ లేదు. బొంతజెముడు, రేగు ముళ్లు, కాలు పెడితే కదిలే రాళ్లు. పెద్దాయన ముందు నడిచాడు, మా లెక్కల మాస్టారు అందరికంటే చివర నడిచారు. దారి లేని చోట ఈ పద్ధతి తప్పనిసరి. చివరి మనిషిని దాటి ఎవరూ వెనకబడకూడదు.

మధ్యలో ఆగినప్పుడు ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "కింద కోనేట్లో ఎండాకాలం కూడా నీళ్లుంటాయి కదా సార్, పైన చుక్క కూడా లేదేం?"

ఈ కొండల్లో చాలాచోట్ల పైన గట్టి రాయి, కింద సున్నపురాయి. వాన నీళ్లు పైన నిలవవు. పగుళ్లలోంచి లోపలికి దిగిపోతాయి. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన ఆ నీళ్లు సున్నపురాయిని వేల ఏళ్లుగా కరిగిస్తూ గుహలు చేస్తాయి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలు అలా ఏర్పడినవే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలూ అంతే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతపు గుహలను పరిశీలించి లోకానికి చెప్పారు. కాబట్టి కొండ కడుపులో నీళ్లుంటాయి, కొండ నెత్తిన ఉండవు. పైకి పోయేవాడు తన నీళ్లు తానే మోసుకుపోవాలి.

ఇంత చక్కగా పాఠం చెప్పిన మేము, ఎవరి దగ్గర ఎన్ని నీళ్లున్నాయో మాత్రం చూడలేదు.

పదకొండున్నర అయ్యేసరికి గట్టు అంచు కనబడింది. ఇంకో ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. జనవరి అయినా మన నంద్యాల ఎండ సంగతి తెలిసిందే కదా, బండలు కాలుతున్నాయి. అప్పుడు ఒక పిల్లవాడు ఉన్నట్టుండి కూలబడ్డాడు. మొహం పాలిపోయింది. పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలికాడు. బండ నీడకు చేర్చి, చొక్కా గుండీలు విప్పి, తడిగుడ్డతో మెడ, చంకలు తుడిచాం. తెలివి ఉంది కాబట్టి ఓఆర్ఎస్ కలిపి గుక్కగుక్కగా తాగించాం.

వాడి సంచి తెరిచి చూశాం. చిత్రాన్నం డబ్బా ఉంది, బాటిల్ లేదు. పొద్దున కొళాయి దగ్గర తాగి వచ్చాడు, అంతే. దారిలో స్నేహితులు బాటిల్ ఇస్తే "నాకు దప్పిక లేదు" అన్నాడట. ఎందుకురా అంటే తల వంచుకుని చెప్పాడు: "ఇంట్లో బాటిల్ ఒకటే ఉంది సార్. అది నాయన పనికి ఎత్తుకపోతాడు."

మాలో ఒకరు, సగం మందిమి పైదాకా పోయి వద్దామన్నారు. కాపరి పెద్దాయన ఒప్పుకోలేదు. "గట్టు ఏడికీ పోదు సార్. పిల్లోల్లను రెండు తావుల పెట్టొద్దండి," అన్నాడు. ఆ మాటతో అందరం వెనక్కి తిరిగాం.

దిగుతుండగా జొహర్ వేళయింది. మిగిలిన నీళ్లన్నీ ఒకచోట పెట్టి చూస్తే తాగడానికే చాలీచాలనట్టున్నాయి. తాగే నీళ్లకే కరువైనప్పుడు వుజూ కోసం వాటిని వాడనక్కర్లేదు. తయమ్ముం చేసుకుని, చెట్టు నీడలో నమాజు చదివాం. మాతో వచ్చిన హిందూ పిల్లలు ఆ మట్టి సంగతి ఏమిటని అడిగితే చెప్పాం. "అంటే నీళ్లు ముందు మనిషికన్నమాట," అన్నాడు ఒకడు. మేము అంత పొట్టిగా చెప్పలేకపోయాం.

కిందికి చేరగానే టీ అంగడి ఆమె బిందె తెచ్చి ముందు పెట్టింది. "ముందు పిల్లోల్లకు తాపండి సార్, టీలు తర్వాత," అంది. ఆ పిల్లవాడిని ఆస్పత్రిలో చూపించి, ఇంటికి తీసుకెళ్లి, తప్పు మాదేనని వాళ్ల నాయనకు చెప్పాం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది మాకు ఇంకా బరువైంది.

మరుసటి డిసెంబరులో మళ్లీ వెళ్లాం. ఈసారి తెల్లవారగానే నడక మొదలైంది. మనిషికి మూడు లీటర్లు. బాటిళ్లు స్కూలే ఇచ్చింది, అందరికీ ఒకే రకం. ఎవరి బాటిల్ ఎవరిదో ఎవరూ అడగలేదు. ప్రతి గంటకూ ఆగి తలలు లెక్కపెట్టాం. నీళ్లను నోటితో అడగలేదు, బాటిల్ ఎత్తి చూశాం. సగం అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది నియమం. ఆ లెక్క చూసే పని, అప్పటికి పదో తరగతికి వచ్చిన ఆ పిల్లవాడికే అప్పగించాం.

తొమ్మిదిన్నరకు పైగట్టు మీద ఉన్నాం. పైన బల్లపరుపుగా ఉంది, గాలి కొడుతోంది. జుర్రేరు లోయ వైపు చూపించి జ్వాలాపురం కథ చెప్పాం. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. దాని బూడిద సముద్రాలు దాటి వచ్చి ఈ లోయలో పడింది. తవ్వకాల్లో ఆ బూడిద పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. 2007లో ఆ సంగతి ప్రపంచమంతా చదివింది. అంత ఉపద్రవం తర్వాత కూడా ఇక్కడ మనుషులు ఉన్నారన్నమాట.

పిల్లలు ఆ కథలో మునిగి ఉండగా వాడు మా దగ్గరికి వచ్చాడు. "సార్, అందరివీ చూసినా. సగానికి పైనే ఉన్నాయి. ఒక్క మీదే తక్కువుంది," అన్నాడు.

మాట్లాడీ మాట్లాడీ మేమే తాగేశామని అప్పటిదాకా మాకు తెలియదు. దప్పిక లేదని చెప్పబోయాం. వాడు వినలేదు. తన బాటిల్ మూత తీసి మా బాటిల్‌లోకి వంచాడు.