పన్ను ఎందుకు కదులుతుంది?



అమెరికాలోని ఈ ట్రాయ్ ఊళ్ళో నిలబడి బలాల గురించి మాట్లాడాలంటే కాస్త జంకుగానే ఉంటుంది. 1824లో మొదలైన ఈ రెన్సెలర్ విద్యాసంస్థలో 1857లో పట్టా పుచ్చుకున్న వాషింగ్టన్ రోబ్లింగ్ 1883కల్లా బ్రూక్లిన్ వంతెన పూర్తి చేయించాడు. మనం తిరనాళ్ళలో ఎక్కే జెయింట్ వీల్‌ని 1893లో షికాగోలో నిలబెట్టిన జార్జ్ ఫెర్రిస్ కూడా ఇక్కడివాడే. ఉక్కు ఎంత బరువు మోస్తుందో ఈ ఊరికి నేను చెప్పక్కర్లేదు. నా గొడవంతా జీవకణంతో. బలం తగిలితే అది ఉక్కులా భరించి ఊరుకోదు, తన పని మార్చుకుంటుంది.

పట్టా తీసుకుంటున్న మీలో చాలామంది హైస్కూల్లో పళ్ళకి క్లిప్పులు పెట్టించుకునే ఉంటారు. బిల్లు కట్టిన అమ్మానాన్నలకి ఇంకా బాగా గుర్తుండాలి. పన్నుకీ దవడ ఎముకకీ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక పీచుపొర ఉంటుంది. తీగ లాగినప్పుడు పొర నలిగిన వైపు ఆస్టియోక్లాస్టులనే కణాలు ఎముకని కరిగిస్తాయి, సాగిన వైపు ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్త ఎముక వేస్తాయి. అలా నెలకి ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా పన్ను జరుగుతుంది. త్వరగా అయిపోవాలని గట్టిగా బిగిస్తే పొరలో రక్తం ఆడక అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఆ చచ్చిన భాగం తొలగేదాకా పన్ను వారాల తరబడి మొండికేస్తుంది. పెద్ద బలం కన్నా చిన్న బలమే పన్నుని ముందుకి నడుపుతుందన్న మాట.

కణానికి బలం తగిలిందని ఎలా తెలుస్తుంది? శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్ బృందం సన్నని పిపెట్‌తో కణాలని పొడుస్తూ, 72 జన్యువుల నోరు ఒక్కొక్కటిగా నొక్కుతూ పోయింది. జాబితా చివరి జన్యువుకొచ్చాక గానీ పొడుపుకి కణాల స్పందన ఆగలేదు. 2010లో అలా బయటపడ్డ, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనే పీజో1. ఆ పనికి పటపూటియన్‌కి 2021లో నోబెల్‌లో వాటా దక్కింది.

అంతకుముందే, 2006లో, మరో శాస్త్రవేత్త డెన్నిస్ డిషర్ బృందం ఇంకో చిత్రం చూపింది. ఒకే రకం మూలకణాలు మెత్తటి జెల్ మీద నాడీకణాల పోకడ పోయాయి, గట్టి జెల్ మీద ఎముక దారి పట్టాయి. మరి మనం రోజూ కణాలు పెంచే ప్లాస్టిక్ డిష్? కండరం కన్నా లక్ష రెట్లకు పైగా గట్టిది. దాని మీద వచ్చిన ఫలితాలని శరీరానికి అంటగట్టే ముందు కాస్త ఆగాలని నా పట్టు.

కణాలని గిర్రున తిప్పి అడుగుకి దించే సెంట్రిఫ్యూజ్ సంగతీ అంతే, అక్కడా కణానికి ఎంత బలం తగిలిందో చూడం. “1000 ఆర్‌పీఎం (నిమిషానికి 1000 చుట్లు), 5 నిమిషాలు” అని రాసిన ప్రోటోకాల్స్ కోకొల్లలు. రోటర్ వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే కణం మీద పడేది గురుత్వానికి సుమారు 112 రెట్లు, 20 అయితే 224 రెట్లు. రాసిన వేగం ఒక్కటే, కణం తిన్న దెబ్బ మాత్రం రెట్టింపు. అలా రాసిన మీ నోట్‌బుక్ పట్టుకుని పక్క ల్యాబువాడు ప్రయోగం మళ్ళీ చేసి, ఫలితం రాలేదని మిమ్మల్ని తిట్టుకుంటాడు.

కొత్త ల్యాబులో చేరేవాళ్ళు ముందు రోటర్ వ్యాసార్థం చూసి, గురుత్వానికి ఎన్ని రెట్లో చెప్పే జీ విలువ లెక్కగట్టి సెంట్రిఫ్యూజ్ మూత మీద అంటించండి.