గేదె వట్టిపోయిన రోజుల లెక్క



పాల లెక్క మీ అందరికీ తెలుసు. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు అంటే నోటికి చెప్పేస్తారు. ఈ రోజు నేను పాలివ్వని రోజుల లెక్క చెబుతాను.

మీకు ఒక ముర్రా గేదె ఉందనుకుందాం. ఈనిన తర్వాత 300 రోజులు పాలిచ్చింది. ఖర్చులు పోను రోజుకు 80 రూపాయలు మిగిలాయనుకుందాం. మొత్తం 24,000. బాగానే ఉంది. మరి వట్టిపోయినాక గేదె మేత మానేస్తుందా? మానదు కదా! రోజుకు 70 రూపాయలది తింటుందనుకోండి. అది మన చేతి నుంచి పెట్టాల్సిందే.

గేదె చూడి మోసే కాలం సుమారు 310 రోజులు. ఈనిన 3 నెలలకు చూడి కడితే 400 రోజులకు మళ్ళీ ఈనుతుంది. వట్టి రోజులు 100. మేతకు 7,000 పోతుంది. 17,000 మిగులుతుంది.

అదే గేదె 8 నెలలకు చూడి కట్టిందనుకోండి. మళ్ళీ ఈనడానికి 550 రోజులు పడుతుంది. వట్టి రోజులు 250. మేతకే 17,500 పోతుంది. మిగిలేది 6,500. గేదె అదే, పాలూ అవే! ఈ డబ్బుతో గేదె అప్పు వాయిదా కడతామా, ఇల్లు గడుపుతామా?

పాల కేంద్రంలో అర్ధ రూపాయి తగ్గిస్తే అందరం కలిసి వెళ్ళి అడుగుతాం. గేదెకు ఎద దాటిపోతే మాత్రం ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది. ఒక రోజు ఉంటుంది, అంతే. ఆవు అరిచి గోల చేస్తుంది. గేదె అలా కాదు. ఎండాకాలంలో అయితే మరీ మూగ ఎద. అందుకని తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్ళి చూడండి. మానం నుంచి తీగలు వేస్తుందా? మాటిమాటికీ మూత్రం పోస్తుందా? పాలు చేపడం లేదా? పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది వేయించాలి. సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున.

ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. కొట్టం గోడ మీద బొగ్గుతో రాసినా చాలు. ఈనిన తేదీ, ఎదకొచ్చిన తేదీ, సూది వేయించిన తేదీ. 21వ రోజున మళ్ళీ చూడండి. ఎద రాకపోయినా చూడి కట్టిందని అనుకోవద్దు. మూడో నెలలో డాక్టరు గారి చేత పరీక్ష చేయించండి. ఈనిన 3 నెలలైనా అసలు ఎదకే రాకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రోజూ దాణాలో 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపండి. ఎండాకాలంలో రెండు పూటలా నీళ్ళతో కడగండి.

ఒక్క మాట. ఈనే ముందు 2 నెలలు పాలు పిండకూడదు. లోపల దూడ ఎక్కువగా పెరిగేది అప్పుడే. ఆ వట్టి రోజులు నష్టం కాదు.

రెండో గేదె కొనాలనుకునేవాళ్ళు మొదటిది ఈనిన 5, 6 నెలలకు కొనండి. ఒకటి వట్టిపోయినా రెండోది పాలిస్తూ ఉంటుంది. ఇక మీరు అడగండి, నాకు తెలిసింది చెబుతాను.