ఆటలోకి దిగే హక్కు

(కదిరిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే ఒకమ్మాయి మొన్న నన్నడిగింది, "లూజ్ ఆడాలంటే ఎక్కడికి పోవాలక్కా?" అని. ఫోనులో చూసిందట. మీలో కొందరు నవ్వుతున్నారు. తాగే నీళ్ళకే కరువైన చోట మంచు మీద ఆటేమిటని కదా? ముందు ఆ ఆటేమిటో విందాం.

చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు చాపి, మంచు కాలువలో వంపులు తిరుగుతూ కిందికి జారాలి. గంటకు 130 కిలోమీటర్లు దాటే వేగం. బ్రేకులుండవు. పిక్కలతో, భుజాలతో ఒత్తి బండిని తిప్పుకోవాలి. గెలుపు సెకనులో వెయ్యో వంతు దగ్గర తేలుతుంది. మన నరసింహస్వామి తేరుకైతే చక్రం కింద చెక్కలు వేసి ఆపేవాళ్ళుంటారు, అక్కడ ఆ ఆసరా కూడా లేదు.

ఇంత ప్రమాదమున్న ఈ ఆటలో, అది ఒలింపిక్స్‌లోకి వచ్చిన 1964లోనే ఆడవాళ్ళున్నారు. అయితే సమానంగా కాదు. చాలా ట్రాకుల మీద వాళ్ళను మగవాళ్ళకంటే కింది నుంచి బయలుదేరమంటారు. ఇద్దరు కలిసి జారే పోటీని ఆడవాళ్ళకు విడిగా పెట్టడానికి 2026 దాకా పట్టింది. అరవై రెండేళ్ళు!

మన దేశంలో శివ కేశవన్ 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో లూజ్ ఆడాడు. ట్రాకు లేక హిమాలయాల రోడ్ల మీద చక్రాల బండితో సాధన చేశాడు. ఆడపిల్ల అలా రోడ్డు మీద పడుకుని జారితే ఊరు ఊరుకుంటుందా? ఒలింపిక్స్ లూజ్‌కు మన దేశం నుంచి ఒక్క అమ్మాయీ వెళ్ళలేదు. ఇష్టం లేకనా?

కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. శ్రీకాకుళం జిల్లా పిల్ల. 1994లో, పందొమ్మిదేళ్ళకే వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ ఛాంపియన్. 1995లో మళ్ళీ ఆమే. మరి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ఎందుకు పోలేదు? అక్కడ ఆడవాళ్ళకు ఆ పోటీయే లేదు. మగవాళ్ళకు 1896లోనే పెట్టారు. 2000లో సిడ్నీలో ఆడవాళ్ళకు తొలిసారి తలుపు తీశారు, ఆమె 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. బలం అంతకుముందూ ఉంది, లేనిది పోటీ.

మన పక్కనే ఉన్న నార్పల మండలం బండ్లపల్లి మీకు తెలుసు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన ఊరు, ఆడా మగా ఒకే కూలి అన్న పథకం. ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు ఆడింది. అనంతపురంలో ఆర్.డి.టి. మైదానం, శిక్షణ అందుబాటులో ఉన్నాయి గనక ఆమె ఇష్టం దారి పట్టింది. అంతకు ముందరి అక్టోబరులోనే క్రికెట్ బోర్డు మ్యాచ్ ఫీజు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే చేసింది.

మన దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. భర్త చితి ఎక్కిన ఆడదాని పేరు చెట్టుకు పెట్టుకుని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పరుగెత్తిన ఆడదాని పేరు దేనికి పెట్టాం?

పెద్దమనిషి కాగానే పిల్ల మైదానం వదిలేస్తుంది. "ఎండకు నల్లబడితే ఎవరు చేసుకుంటారు?" అంటారు. తమ్ముడు మాత్రం అక్కడే ఆడుతుంటాడు, అక్క బిందె మోస్తుంటుంది. తల్లులను తిట్టి లాభం లేదు. శనక్కాయ పంట పోయి బెంగళూరుకు వలస పోయే తల్లి పిల్లను ఎవరికప్పగించాలి? మరుగుదొడ్డి లేని మైదానం, సాయంత్రం బస్సు లేని ఊరు, వీటికి భయపడే తల్లిది ఉత్త మూఢత్వం కాదు.

అందుకే దీన్ని పిల్ల సరదాగా కాక హక్కుగా అడగాలి. ఆటల్లో ఆడపిల్లలకు సమాన అవకాశమివ్వాలని చెప్పే ఐక్యరాజ్యసమితి మహిళా ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. ప్రతి బడికీ ఆటస్థలం, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది.

వచ్చే సమావేశానికి మీ మండలంలో ఏ బడికి ఆటస్థలముందో, సాయంత్రం నాలుగు దాటాక అక్కడ ఎంతమంది ఆడపిల్లలుంటున్నారో రాసుకుని రండి. ఆ కాగితాలతో మండల విద్యాధికారి దగ్గరికి పోదాం. పిల్లల్నీ వెంట తీసుకు వెళదాం.