తాగినోడికి పోలిష్‌లో ఎన్ని పేర్లో!

ఈరోజు పోలండ్ స్లాంగ్ చూద్దాం. తాగిన మనిషిని పోలిష్‌లో మామూలుగా ‘పియానీ’ అంటారు. కానీ ఫ్రెండ్స్ మధ్య అంత పద్ధతిగా ఎవరు మాట్లాడతారు చెప్పండి! కొంచెం కిక్కెక్కితే ‘పొత్‌హ్మ్యెలోనీ’. ‘హ్మ్యెల్’ అంటే బీరులో వేసే హాప్స్, దాన్నుంచే వచ్చిందీ మాట. బాగా ఎక్కితే ‘జలానీ’, అంటే వరదలో మునిగినట్టు. మన ‘జలం’తో గుర్తుపెట్టుకోండి, ఈజీ! ఇక మరీ ఫుల్ అయితే ‘జలానీ ఫ్ త్రూపా’, శవమయ్యేంతగా మునిగాడని! ఇలాంటి మాటలన్నీ పోగేసి యూలియన్ తువిమ్ అనే కవి 1935లోనే ఏకంగా ఓ నిఘంటువు వేశాడు.

సరదాగా ఉంది కదా? కానీ ఒక్క మాట దగ్గర ఆగుదాం. రాత్రి ఏం జరిగిందో గుర్తు లేకపోతే అక్కడ ‘వాడికి ఫిల్మ్ తెగింది’ అంటారు. అందరూ నవ్వేస్తారు. నిజానికి తెగడం కాదు, అసలు రికార్డే కాలేదు! మందు మోతాదు మించితే మెదడు కొత్త జ్ఞాపకాల్ని దాచుకోలేదు. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బండి కూడా తీస్తాడు. పొద్దున్నకి ఏమీ మిగలదు. అది జోక్ కాదు, వార్నింగ్. అందుకే మీ ఫ్రెండ్ ‘నిన్న ఏమీ గుర్తులేదురా’ అంటే నవ్వి వదిలేయకండి, కూర్చోబెట్టి మాట్లాడండి.